కాంటెస్సాకు కండ కావాలా, బ్రేకు కావాలా?

కాంటెస్సా అంటే మా ఈడు వాళ్లలో సగం మంది 'అదేం కారు బ్రో?' అంటారు. మిగతా సగం రీల్స్‌లో చూసుంటారు. నల్ల రంగు, పొడవాటి బోనెట్, ముందు జంట జంట గుండ్రటి లైట్లు, గుండెలదిరే బీజీఎం. కింద క్యాప్షన్ మాత్రం ఎప్పుడూ ఒకటే: 'ఇండియన్ మజిల్ కార్'.

అలాంటిదొకటి కదిరిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, వేరుశనక్కాయల మూటల పక్కన దుమ్ము కొట్టుకుని ఉండేది. 1991 మోడల్, ఏపీ 02 నంబరు. నూనె మిల్లు సేటు ఒకాయన దగ్గర తాత సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. 2021లో తనే దగ్గరుండి ఆర్‌సీ రెన్యువల్ చేయించాడు. మరుసటి ఏడు ఆయన పోయాడు. ఆ తర్వాత బండి కదల్లేదు.

మామూలు కారుకు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు. ఆ తర్వాత ప్రతి ఐదేళ్లకోసారి బండిని చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. అంటే మాకు గడువు 2026. పైగా 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును 5 వేల నుంచి 10 వేలు చేశారు. జీఎస్టీ అదనం.

"పదివేలు కట్టి ఈ పీనుగను ఏం జేసుకుంటావురా? గుజరీకి ఎయ్యి" అన్నాడు నాయన. బతిమాలితే ఒక షరతు పెట్టాడు. బండి దాని కాళ్ల మీద అది నడిచి ఇన్‌స్పెక్షన్ దాకా పోతే ఫీజు ఆయన కడతాడు. పోకపోతే తూకానికే. నేను బెంగళూరులో ఉద్యోగం. చేతిలో ఉన్నవి శని, ఆదివారాలు.

పులి తోలు కప్పుకున్న ఎద్దు

'మజిల్ కార్' అనే మాట అమెరికాది. 1964లో పాంటియాక్ జీటీఓ వచ్చింది. మధ్యరకం సైజు బాడీలో 6.4 లీటర్ల వీ8 ఇంజన్ ఎక్కించారు, 325 హార్స్‌పవర్. ఆ వరసకు మొదలు అదేనంటారు. మన కాంటెస్సా పుట్టుక వేరు. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ కంపెనీ 1970ల్లో చేసి ఆపేసిన విక్టర్ కారు డిజైన్‌ను హిందుస్థాన్ మోటార్స్ తెచ్చుకుని, 1984లో బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీ నుంచి దించింది. చూడ్డానికి పులి. లోపల మాత్రం అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీ ఇంజనే, యాభై హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. జపాన్ ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల ఇంజన్, ఐదు గేర్ల బాక్స్ వచ్చాక గానీ దానికి ఊపిరి ఆడలేదు. 2002లో తయారీ ఆపేశారు. అదృష్టం కొద్దీ మాది ఇసుజు బండి.

బండి సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టగానే సలహాలు కుప్పలు. 'ఇంజన్ పీకేసి పెద్దది ఎక్కించు', 'టర్బో కొట్టు', 'ఎగ్జాస్ట్ ఓపెన్ చెయ్'. కదిరి నుంచి అనంతపురం పోయే రోడ్డు మీద గొర్రెల మంద అడ్డమొస్తే ఆ టర్బో ఏం పనికొస్తుందో ఒక్కడూ చెప్పలేదు. ఇంకో సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. కేరళ కేసు ఒకదాంట్లో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చాలంటే ముందుగా ఆర్‌టీఓ అనుమతి కావాలి. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. 50 ఏళ్లు దాటితే 'వింటేజ్' కింద వీఏ సిరీస్ నంబరు ఇస్తారు గానీ, మా బండికి ఆ వయసొచ్చేది 2041లో.

అందుకే ఇంజన్ జోలికి పోవద్దనుకున్నాను. డబ్బులు పెట్టాల్సింది బండిని ఆపే వాటి మీద, చల్లబరిచే వాటి మీద, దారి చూపించే వాటి మీద.

ముందు ఆగాలి

నాకు తోడు మా వీధి చివరి భాయ్. ముప్పై ఏళ్లు అంబాసిడర్ ట్యాక్సీలు బాగుచేసిన చెయ్యి. నేను ఆత్రంగా బ్యాటరీ తగిలించబోతే చేతి మీద ఒకటేశాడు. "నాలుగేండ్లు పడుకున్న ముసలోన్ని లేపి పరిగెత్తమంటావా అబ్బోడా?" ప్లగ్గులు విప్పించి, ఒక్కో సిలిండర్‌లో ఇన్ని చుక్కల ఇంజన్ ఆయిల్ పోయించి, రెండ్రోజులు వదిలేసి, ఆ తర్వాత స్పానర్‌తో ఇంజన్‌ను చేత్తోనే తిప్పించాడు. తిరిగింది. ఆ రోజుకు అంతే.

అసలు పని బ్రేకుల దగ్గర మొదలైంది. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ తేమ లోపల తుప్పు పట్టిస్తుంది. ఘాట్‌లో వరసగా బ్రేక్ తొక్కినప్పుడు వేడికి ఆవిరై పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. మా బండి వెనక డ్రమ్ములు విప్పితే వీల్ సిలిండర్లు రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి. మాస్టర్ సిలిండర్ కిట్, వీల్ సిలిండర్లు, రబ్బరు హోస్‌లు, లైనర్లు, ఆయిల్ మొత్తం కొత్తవి వేశాం. ఇంట్లో చేసేవాళ్లకు రెండు మాటలు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్మును నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఇంకోటి, ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి.

టైర్ల గుండీలు బాగానే ఉన్నాయి. కానీ పక్కన నాలుగంకెల కోడ్ చూస్తే 2213 అని ఉంది. అంటే 2013లో 22వ వారం తయారీ. గోళ్లతో గీస్తే పగుళ్లు. నాలుగూ తీసేశాం. మీ బండి టైరు మీదా ఆ కోడ్ ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

బోరు నీళ్లు, ఇరవై శాతం పెట్రోలు

మా సీమలో రేడియేటర్‌కు మొదటి శత్రువు ఎండ అనుకుంటారు. నా లెక్కలో బోరు నీళ్లు. ఇంట్లో నీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లగా గార పడుతుంది చూడండి, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే పడుతుంది. తాత జీవితాంతం బోరు నీళ్లే పోశాడు. పాత రేడియేటర్లు రాగి, ఇత్తడివి కాబట్టి పై తొట్టి విప్పి, గొట్టాల్లో సన్న కడ్డీ తోసి శుభ్రం చేసి మళ్లీ టాంకా వేయొచ్చు. ఇప్పటి అల్యూమినియం, ప్లాస్టిక్ వాటితో ఆ ఆట కుదరదు. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ పోస్తున్నాం. థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఖాళీ! బండి వేడెక్కుతోందని పూర్వం ఎవరో పీకేశారు. అది లేకపోతే చలికాలం పొద్దున ఇంజన్‌కు కావాల్సిన వేడి సరిగా రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొత్తది పెట్టాం.

పెట్రోలు ఇంకో తలనొప్పి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అందులో 20 శాతం ఇథనాల్. 1991లో చేసిన రబ్బరు పైపులు, పెట్రోల్ పంపు డయాఫ్రమ్ దానికోసం చేసినవి కావు. ఉబ్బుతాయి, పగులుతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా బండి ఎక్కువ రోజులు నిలబడితే ఇథనాల్ తేమను లాక్కుని, నీళ్లు ట్యాంకు అడుగుకు దిగుతాయి. అందుకని ట్యాంకు దించి కడిగాం. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు, కొత్త డయాఫ్రమ్, ఫిల్టర్ వేశాం. సీటు కింద చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టాం.

సామాన్లు ఎక్కడివి అంటారా? ఇసుజు ఇంజన్ అంబాసిడర్‌లో కూడా వచ్చింది. అంబాసిడర్ 2014 దాకా తయారైంది. కాబట్టి ఇంజన్ సామాను బెంగళూరు జేసీ రోడ్డులో తిరిగితే దొరుకుతుంది. దొరకనివి బీడింగులు, లైటు అద్దాలు, బంపర్ మూలలు. వాటికోసం తిరిగిన శనివారాలు లెక్కపెట్టలేదు.

లైట్ల విషయంలో మాత్రం గ్రూపు సలహా కొంత విన్నాను. అందరూ ఎల్‌ఈడీ అన్నారు. పాత రిఫ్లెక్టర్‌లో చవక ఎల్‌ఈడీ పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. అసలు లోపం బల్బుది కాదు. కరెంటంతా డ్యాష్‌బోర్డ్ స్విచ్ గుండా చుట్టుతిరిగి వచ్చేసరికి వోల్టేజీ పడిపోతోంది. రెండు రిలేలు, లావు వైరు వేసి బ్యాటరీ నుంచి నేరుగా ఇస్తే అవే హాలోజెన్లు భేషుగ్గా వెలిగాయి. ఇంత చవకైన అప్‌గ్రేడ్ ఇంకోటి చూడలేదు.

తుప్పు తక్కువే. కోస్తాలో ఉండుంటే ఈపాటికి జల్లెడయ్యేది. కానీ డోర్ల అడుగున నీళ్లు పోయే బెజ్జాలు ఎర్రమట్టితో మూసుకుపోయి, ఎప్పుడో పడిన వాన అక్కడే నిలిచి, రెండు డోర్లు కింద తినేసింది. టింకరింగ్ ఆయన రేకు కోసి అతికాడు.

ఇన్సూరెన్స్ కట్టి, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకుని, ముదిగుబ్బ దాకా రెండుసార్లు పోయొచ్చాం. ముల్లు సగం దాటలేదు. మూడోసారి నాయన పక్క సీట్లో కూర్చున్నాడు. మలుపులో గేదె అడ్డమొచ్చింది. తొక్కాను. బండి నిలబడింది, ఒక పక్కకు లాగలేదు. ఆయన ఏమీ అనలేదు గానీ ఆ సాయంత్రమే ఫీజు డబ్బులు నా ఫోన్‌కు కొట్టాడు.

ఇన్‌స్పెక్షన్ రోజు అధికారి ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిచూశాడు. రెండూ కలిశాయి. లైట్లు, హారన్, ఇండికేటర్లు, చివరగా బ్రేకు. కొత్త ఆర్‌సీ 2031 దాకా ఉంది.

పెయింట్ ఇంకా వేయలేదు. అతికిన రెండు డోర్లూ బూడిద రంగు ప్రైమర్‌లోనే ఉన్నాయి. నాకు నల్ల రంగు వేయాలని ఉంది. నాయనేమో తాత కొన్నప్పటి తెలుపే ఉండనీ అంటున్నాడు. డబ్బులు ఆయనవి కాబట్టి తెలుపే పడేలా ఉంది.