బడిలో, పోలీసుల్లో ఈ శిక్షణ ఎందుకు?

పిల్లాడు క్లాసులో కళ్లు తిరిగి పడిపోతే ఏం చేయాలో టీచర్లకు తెలుసు. అదే పిల్లాడు "నేను బతకడం దండగ" అంటే? చాలామంది తిడతారు, లేదా నవ్వేసి వదిలేస్తారు.

అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో మానసిక వ్యాధి ఉన్న యువకుడు కత్తి పట్టుకుని ఉంటే పోలీసులు కాల్చి చంపారు. మరుసటి ఏడాదే అక్కడ పోలీసులకు ప్రత్యేక శిక్షణ మొదలైంది. ఇప్పుడది 40 గంటల కోర్సు. గొంతు తగ్గించి మాట్లాడటం, తొందరపడకపోవడం, జైలుకు కాక ఆసుపత్రికి చేర్చడం అందులో నేర్పుతారు.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా పోలీసులకు ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ఇవ్వాలంటోంది. ఇలాంటి వ్యక్తిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకుంటే లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్ష వేయకూడదు. కాబట్టి కేసు భయంతో, పరువు భయంతో దాచిపెట్టొద్దు.

స్కూలు స్టాఫ్‌కైనా, అమ్మానాన్నలకైనా పద్ధతి ఒకటే. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అడ్డుపడకుండా వినండి. ఒంటరిగా వదలకండి. మాత్రలు, పురుగుమందు అందకుండా పెట్టండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకండి.

టెలి మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాపాయమైతే 112కి ఫోన్ చేయండి.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులతోపాటు ఇదీ అడగండి: "మీ స్టాఫ్‌లో ఈ శిక్షణ ఎవరికుంది?"