ఒక్క వ్యాగనుకూ ఒక దారి

పట్టాలపై సాగిపోయే గూడ్సు రైలును చూసినప్పుడు, అది ఒకచోట బయలుదేరి మరొకచోట ఆగి సరుకు దించుతుందని మనం అనుకుంటాము. అమెరికాలో అనేక గూడ్సు రైళ్ల సంగతి వేరు. ఒకే రైలులో ఒక వ్యాగనులో కలప, దాని వెనుకదానిలో రసాయనాలు, ఆ తర్వాతదానిలో ధాన్యం ఉంటాయి. యజమానులు వేరు, గమ్యాలు వేరు. ఆ వ్యాగన్లను విడదీసి, ఒకే దిక్కుకు పోవలసినవాటిని ఒకచోట కూర్చి, కొత్త రైళ్లుగా పంపే స్థలమే మార్షలింగ్ యార్డు. తపాలా కార్యాలయంలో ఉత్తరాలను ఊరివారీగా గళ్లలో వేయడం వంటిదే ఈ పని. కాకపోతే ఇక్కడ ఒక్కొక్క వ్యాగను బరువు సరుకుతో కలిపి 130 టన్నుల వరకు ఉంటుంది.

ఇటువంటి యార్డులలో ప్రపంచంలోకెల్లా పెద్దది నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్త్ ప్లాట్ పట్టణం వద్ద ఉంది. యూనియన్ పసిఫిక్ రైలు మార్గం 1866లో ఆ ప్రాంతానికి చేరింది. ఆ సంస్థకు అధ్యక్షునిగా పనిచేసిన ఎడ్ బెయిలీ పేరిట దీనిని బెయిలీ యార్డు అంటారు. దీని పొడవు సుమారు 13 కిలోమీటర్లు, విస్తీర్ణం 2,850 ఎకరాలు.

యార్డును మూడు భాగాలుగా ఊహించుకుంటే దాని పని సులభంగా బోధపడుతుంది. మొదటిది రైళ్లు వచ్చి నిలిచే భాగం. ఇక్కడ ఇంజనును విడదీస్తారు, వ్యాగన్లను పరీక్షిస్తారు, అవి స్వేచ్ఛగా దొర్లేందుకు బ్రేకులలోని గాలిని వదిలివేస్తారు. రెండవది వేరుచేసే భాగం. ఎద్దు మూపురం వలె ఎత్తుగా కట్టిన దిబ్బ దీనికి ముఖద్వారం. బెయిలీ యార్డులో ఇటువంటి దిబ్బలు రెండు ఉన్నాయి. తూర్పు దిక్కుకు పోయే వ్యాగన్లకు 34 అడుగుల ఎత్తుది, పడమరకు పోయేవాటికి 20 అడుగుల ఎత్తుది. మూడవ భాగంలో కొత్త రైలుకు ఇంజను తగిలించి, బ్రేకు గొట్టాలు కలిపి, పరీక్షించి సాగనంపుతారు.

దిబ్బ వద్ద జరిగే పని చూడదగినది. ఒక ఇంజను వెనుక నుండి వ్యాగన్ల వరుసను మెల్లగా పైకి నెడుతుంది. శిఖరం వద్ద కార్మికుడు కప్లింగును విడదీస్తాడు. అక్కడి నుండి ఇంజనుతో పని లేదు. వ్యాగను తన బరువుతోనే పల్లానికి దొర్లుతుంది. కంప్యూటరు ముందుగానే పాయింట్లను మార్చి ఉంచగా, కింద ఉన్న 114 పట్టాల వరుసలలో తనకు నిర్ణయించిన దానిలోకి అది చేరుకుంటుంది. రెండు దిబ్బల మీదుగా కలిపి నిమిషానికి నాలుగు వ్యాగన్ల వరకు దిగగలవు.

దొర్లించడం సులభమే. తగిన వేగంతో దొర్లించడమే కష్టం. వేగం మిక్కుటమైతే ముందున్న వ్యాగనును ఢీకొని సరుకు పాడవుతుంది, పట్టాలు కూడా తప్పవచ్చు. వేగం చాలకపోతే నడిమధ్యలో ఆగి వెనుకవాటికి అడ్డమవుతుంది. నిండు వ్యాగను ఒక తీరున దొర్లితే ఖాళీది మరొక తీరున దొర్లుతుంది. ఎదురుగాలికీ, చలికీ నడక మారుతుంది. అందుచేత వ్యాగను బరువునూ వేగాన్నీ కొలిచి, పట్టాలకు ఇరువైపులా అమర్చిన ఉక్కు దూలాలతో చక్రాలను తగినంత మేరకు నొక్కి పడతారు. ఈ సాధనాన్ని రిటార్డర్ అంటారు. చివరకు వ్యాగను మనిషి వడిగా నడిచే వేగంతో ముందుదానిని తాకి, దానంతటదే జతపడుతుంది.

ఈ సాధనం రాకముందు ఆ పని మనుషులదే. ఎండలోనూ మంచులోనూ ఒక్కొక్క వ్యాగనుపై ఒక మనిషి నిలబడి, చేతి బ్రేకు చక్రాన్ని తిప్పుతూ కిందికి వచ్చేవాడు. వ్యాగన్లను చేతితో జతపరచిన కాలంలో వేళ్లూ చేతులూ కోల్పోయినవారు ఎందరో. వాటంతట అవే జతపడే కప్లింగులు ఉండి తీరాలని అమెరికా 1893లో చట్టం చేసింది.

ఇందులో మన కుటుంబాలు గ్రహించవలసిన విషయం కూడా ఉంది. ఇంజను లేని వ్యాగను సైతం కదలగలదు. అలా కదిలేటప్పుడు హారను ఉండదు, చప్పుడూ అంతగా వినిపించదు. దారి దగ్గరవుతుందని నిలిచి ఉన్న గూడ్సు బండి కింద నుండి దూరి పోయేవారిని మన ఊళ్లలో చూస్తుంటాము. అది ఎంతటి అపాయమో పిల్లలకు తప్పక చెప్పాలి.

మన దేశంలో కూడా ఇటువంటి యార్డులు ఉండేవి. మొగల్‌సరాయి యార్డు ఆసియాలోనే పెద్దదిగా పేరొందింది. కాని యార్డులలో వ్యాగన్లు రోజుల తరబడి నిలిచిపోయేవి. 1980ల నుండి మన రైల్వేలు బయలుదేరిన చోటి నుండి గమ్యం దాకా విడదీయకుండా నడిపే పూర్తి రైళ్లవైపు మొగ్గాయి. సింగరేణి బొగ్గు విద్యుత్ కేంద్రాలకు అలాగే వెళుతుంది. దీనివలన వేగం పెరిగింది, వ్యాగన్లు త్వరగా తిరిగి వచ్చాయి. ఇది కాదనలేని మేలు.

అయితే నష్టపోయినవారు కూడా ఉన్నారు. యాభైకి పైగా వ్యాగన్లను ఒకేసారి నింపగల సంస్థకు రైలు దొరికింది. ఒకటి రెండు వ్యాగన్ల సరుకు మాత్రమే గల వ్యాపారి లారీని ఆశ్రయించాడు. కంటైనర్లు ఆ లోటును కొంతవరకే తీర్చాయి. రోడ్లపై పెరిగిన లారీల రద్దీకి, డీజిలు ఖర్చుకు ఇది కూడా ఒక కారణం.

బెయిలీ యార్డు గొప్పదనం దాని విస్తీర్ణంలో కన్నా మరొకదానిలో ఉన్నదని మేము భావిస్తున్నాము. వందల వ్యాగన్ల నడుమ ఒంటరిగా వచ్చిన ఒక్క వ్యాగనుకు కూడా అక్కడ ఒక పట్టా ఉంది, తగిన వేగం ఉంది, దాని గమ్యం తెలిసినవారున్నారు. అందుకు మూల్యంగా కొంత ఆలస్యాన్ని భరించక తప్పదు. ఏ రవాణా వ్యవస్థనైనా దాని వేగాన్ని బట్టి మెచ్చుకునే ముందు, చిన్న సరుకు గలవాడికి అందులో చోటుందా అని కూడా విచారించడం న్యాయం.