నీళ్ళు 97 దగ్గరే మరిగేయి

ల్యాబులో కొలతలు ఎలా తియ్యాలో, గ్రాఫు ఎలా గియ్యాలో గోడపత్రికకి రాయమని సైన్సు మేడంగారు నాకు చెప్పేరు. నేను బాగా చేశానని కాదు, తప్పు చేశానని. ఆ తప్పు ఏమిటో తర్వాత చెప్తాను.

ముందు కొలజాడీ సంగతి. దాన్ని చేత్తో ఎత్తి పట్టుకొని చూడకూడదు, చెయ్యి వంకరైతే నీళ్ళూ వంకరే. బల్ల మీద పెట్టి మనమే వంగాలి, కన్ను నీటి మట్టానికి సరిగ్గా ఎదురుగా రావాలి. నీళ్ళు గాజుని పట్టుకొని అంచుల దగ్గర కొంచెం పైకి పాకుతాయి. అందుకే నీటి పైభాగం అడ్డాకు దొన్నెలాగ మధ్యలో పల్లంగా ఉంటుంది. దీన్ని పుటాకారం అంటారు. (మా ఇంట్లో కువి మాట్లాడతాం. ఈ మాట నాకు రెండు రోజులు నోరు తిరగలేదు.) ఆ పల్లం అడుగు ఏ గీతకి తగిలిందో అదే మన కొలత. నిలబడి పైనుంచి చూస్తే ఎక్కువ కనిపిస్తుంది, కిందనుంచి చూస్తే తక్కువ. పొటాషియం పర్మాంగనేటు లాంటి ముదురు రంగు ద్రావణమైతే పల్లం అడుగు కనబడదు, అప్పుడు పై అంచు చూడాలి. పాదరసం దీనికి తిరకాసు. అది మధ్యలో ఉబ్బుగా ఉంటుంది కాబట్టి ఉబ్బు పైభాగం చూడాలి.

ఇంకోటి. గీతలు లెక్కపెట్టకుండా ఏ కొలతా రాయకండి. 10కి 20కి మధ్య పది గళ్ళుంటే ఒక్కో గడి 1 మి.లీ. అయిదే ఉంటే 2 మి.లీ. మన ల్యాబులో రెండు రకాల జాడీలూ ఉన్నాయి. అందుకే పోయిన నెల మా బల్ల మీద ఒకామె 43 అంది, ఒకామె 46 అంది, ఇద్దరూ దెబ్బలాడుకున్నారు.

ఇప్పుడు మేం చేసిన ప్రయోగం. బీకరులో 150 మి.లీ. నీళ్ళు పోసి స్పిరిటు దీపం మీద పెట్టి, 2 నిమిషాలకోసారి థర్మామీటరు చూశాం. థర్మామీటరు బుడ్డి నీళ్ళలో మునిగి ఉండాలి గాని బీకరు అడుగుకి తగలకూడదు. తగిలితే గాజు వేడి చూపిస్తుంది, నీళ్ళ వేడి కాదు. మొదట్లో 22 డిగ్రీలు. తర్వాత వరసగా 35, 48, 54, 71, 81, 90, 96, 97, 97, 97 వచ్చేయి.

ఈ అంకెలు చదివితే నాకు ఏమీ అనిపించలేదు. గ్రాఫు వేశాకే తెలిసింది. టైము మనం ఎంచుకున్నది కాబట్టి కింద అడ్డంగా ఉన్న ఎక్స్ అక్షం మీద, వేడి మనం కొలిచింది కాబట్టి నిలువుగా ఉన్న వై అక్షం మీద పెట్టాలి. అడ్డంగా 1 సెం.మీ.కి 2 నిమిషాలు, నిలువుగా 1 సెం.మీ.కి 10 డిగ్రీలు తీసుకున్నాం, కాగితం చక్కగా సరిపోయింది. 3, 7 లాంటి స్కేళ్ళు పెట్టుకోకండి, చిన్న గళ్ళ దగ్గర లెక్క కుదరక ఏడుపొస్తుంది. అక్షాల పక్కన నిమిషాలు, డిగ్రీలు అని తప్పకుండా రాయాలి. చుక్కలు సన్నగా పెన్సిలుతో పెట్టాలి. చుక్క నుంచి చుక్కకి స్కేలు పెట్టి మెట్లలాగ కలపకూడదు, అన్నిటి దగ్గరనుంచీ పోయేలా ఒకే నున్నటి గీత గియ్యాలి.

గీస్తుంటే 6వ నిమిషం చుక్క ఒక్కటే కిందకి జారిపోయి ఉంది. అన్ని చుక్కలూ కొండెక్కుతుంటే అదొక్కటే గెడ్డలో పడ్డట్టు. ఎవరు చూశారని మేడం అడిగేరు. నా స్నేహితురాలు చూసింది. ఆవిరికి గీతలు కనబడక థర్మామీటరుని నీళ్ళలోంచి పైకి తీసి చూసిందట. బయటికి తీస్తే చల్లబడదా మరి! మర్నాడు మళ్ళీ చేస్తే అక్కడ 60 వచ్చింది. 54ని మాత్రం చెరపొద్దన్నారు. సున్నా చుట్టి పక్కన కారణం రాయించేరు.

ఇప్పుడు నా తప్పు. చివర మూడుసార్లూ 97 దగ్గరే ఆగిపోయింది. నీళ్ళు గుడగుడా మరుగుతున్నాయి, వేడి మాత్రం పెరగలేదు. పుస్తకంలో నీళ్ళు మరిగేది 100 దగ్గర అని ఉంది. మా ఇంట్లో నాకంటే ముందు బడికి వెళ్ళినవాళ్ళు లేరు. పుస్తకంలో ఉన్నదానికి ఎదురు చెప్పడానికి మనమెవరం అనుకున్నాను. రికార్డులో మూడు 97లూ రబ్బరుతో చెరిపి 100 రాసేశాను.

మేడం తిట్టలేదు. "నువ్వు 100 చూశావా?" అని అడిగేరు. లేదన్నాను. థర్మామీటరు పాడైంది గావాల అన్నాను. అయితే చూద్దాం రమ్మని, సంతకొచ్చే ఐసుపుల్లల ఆయన దగ్గర ఐసు ముక్కలు తెప్పించేరు. కరుగుతున్న ఐసులో పెడితే సరిగ్గా 0 చూపించింది. రెండో థర్మామీటరుతో మరిగే నీళ్ళు చూస్తే అదీ 97.

సంగతేమిటంటే, 100 డిగ్రీలన్నది సముద్రం ఒడ్డున ఉండే గాలి ఒత్తిడికి, అంటే 760 మి.మీ. పాదరసం ఒత్తిడికి. అరకు లోయ సముద్రానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, మన బడీ ఇంచుమించు అంతే. ఇక్కడ ఒత్తిడి 680 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. పైన అదిమే గాలి తక్కువైతే నీళ్ళు తొందరగా ఆవిరై లేస్తాయి. సుమారు 300 మీటర్లకి 1 డిగ్రీ తగ్గుతుంది. లెక్క వేసి చూడండి, 97 వస్తుంది. ఎవరెస్టు మీదైతే 70 దగ్గరే మరుగుతాయి. మన కొండల మీద రాజ్మా గింజలు మామూలు కుండలో ఉడకడానికి అంతసేపు పట్టేదానికి ఇదీ ఒక కారణం. కిందనున్న విశాఖపట్నంలో మరిగే నీళ్ళు మనవాటికంటే వేడి. 1742లో ఈ డిగ్రీల పద్ధతి పెట్టిన స్వీడన్ దేశస్థుడు సెల్సియస్‌కి కూడా గాలి ఒత్తిడిని బట్టి మరిగే వేడి మారుతుందని తెలుసు. తమాషా ఏమిటంటే ఆయన మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 పెట్టేడు. తర్వాతవాళ్ళు తిరగేశారు.

ఐసులో పెట్టి సున్నా చూడడం నాకు సంతలో పనికొచ్చింది. సెలవల్లో అమ్మతో పసుపు అమ్మడానికి వెళ్ళాను. షావుకారు గడియారంలాంటి కాటా వేలాడదీశాడు. ఖాళీగా ఉన్నప్పుడే ముల్లు సున్నాకి అర కిలో వెనక ఉంది. మావి అయిదు మూటలు. మూటకి అర కిలో చొప్పున రెండున్నర కిలోల పసుపు ఊరికే పోతుంది. నాకు గొంతు వణికింది గాని, "ముల్లు సున్నాకి తెచ్చి తూయండి బాబూ" అన్నాను. నీకేటి తెలుసే అన్నాడు. పక్కనున్న ఆడవాళ్ళంతా వంగి ముల్లు చూసేసరికి పైనున్న మర తిప్పేడు.

నా రికార్డులో ఆ పేజీ రబ్బరు రుద్దుడికి పలచబడిపోయింది. దానిమీదే మళ్ళీ 97, 97, 97 రాశాను. చూడాలనుకున్నవాళ్ళు సాయంత్రం స్టడీ అవరులో అడగండి, చూపిస్తాను. రాతలో తప్పులుంటే మన్నించండి.

— 9వ తరగతి విద్యార్థిని