మోటార్ తిరగట్లేదా? కొత్తది కొనేముందు ఆగండి!

డ్రోన్ అనగానే అందరి చూపూ పైలట్ ఉద్యోగం మీదే. కానీ ఎగిరే ప్రతి డ్రోనూ ఏదో ఒకరోజు మొరాయిస్తుంది. అప్పుడు అందరూ వెతికేది లోపం ఎక్కడుందో పట్టుకోగల టెక్నీషియన్ కోసమే. ఆ పని నేర్చుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. అరచేతిలో పట్టే ఓ హాబీ డ్రోన్, ఒక మల్టీమీటర్, ఒక సోల్డరింగ్ ఐరన్ ఉంటే హాస్టల్ గదిలోనే మొదలుపెట్టొచ్చు. కావాల్సిందల్లా ఓపిక, ఒక వరస.

ముందు రెక్కలు తీసేయండి

డ్రోన్‌ను బల్ల మీద పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్లు ఉండకూడదు. ఇది మొదటి నియమం. చిన్నదే కదా అనుకోవద్దు, వేళ్లు తెగుతాయి.

తర్వాత చూడాల్సింది బ్యాటరీ. చిన్న డ్రోన్లలో ఎక్కువగా ఒకే సెల్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ ఉంటుంది. నిండా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు చూపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు రీడింగ్ బాగానే ఉండి, మోటార్లు తిరగ్గానే వోల్టేజీ బాగా పడిపోతోందా? అయితే బ్యాటరీ పాతబడి ఉండాలి, లేదా కనెక్టర్ వదులై ఉండాలి. నాలుగు మోటార్లూ నీరసంగా తిరుగుతుంటే మోటార్లను అనుమానించే ముందు ఇది చూడండి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం మళ్లీ ఛార్జ్ చేయొద్దు, గుచ్చొద్దు.

వేలితో తిప్పి చూడండి

ఒక్క మోటారే తిరగట్లేదనుకోండి. దాని షాఫ్ట్‌ను వేలితో మెల్లగా తిప్పండి. మిగతా మూడింటితో పోల్చండి. బిగుసుగా ఉంటే చాలాసార్లు కారణం చుట్టుకున్న వెంట్రుకో, కార్పెట్ పోగో అయి ఉంటుంది. పట్టకారుతో తీస్తే సరిపోతుంది. కింద పడ్డప్పుడు ప్రొపెల్లర్ లోపలికి దిగిపోయి మోటారుకు రాసుకుంటున్నా ఇదే సమస్య వస్తుంది.

మూలలు మార్చండి

తేలిగ్గా తిరుగుతున్నా పని చేయట్లేదంటే, తప్పు మోటారుదా, బోర్డుదా? ఇక్కడే చాలామంది తొందరపడి కొత్త మోటార్ కొనేస్తారు. దానికంటే ముందు ఆ మోటారును ఎదురు మూలలో ఉన్న దానితో మార్చి చూడండి. ఎదురెదురు మూలల్లోని మోటార్లు ఒకే దిశలో తిరుగుతాయి కాబట్టి రెండూ ఒకే రకం. లోపం మోటారుతో పాటు కొత్త మూలకు వెళ్తే మోటారే పాడైంది. పాత మూలలోనే ఉండిపోతే వైరు, సోల్డరింగ్, లేదంటే బోర్డు మీద ఆ మోటారును నడిపే మాస్‌ఫెట్ పోయినట్లు. బ్యాటరీ పెట్టగానే రిమోట్ తాకకుండానే ఒక మోటార్ పూర్తి వేగంతో తిరుగుతోందా? మాస్‌ఫెట్ షార్ట్ అయి ఉండొచ్చు.

వైర్లు ఊడదీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ రంగు వైరు ఎక్కడుందో తర్వాత గుర్తుండదు.

మూడు వైర్లు ఉంటే...

మోటారుకు మూడు వైర్లుంటే అది బ్రష్‌లెస్. దాన్ని నడిపే సర్క్యూట్‌ను ఈఎస్‌సీ అంటారు. మోటార్ తిరగకుండా అక్కడక్కడే వణుకుతుంటే మూడింటిలో ఒక వైరుకు కరెంటు అందట్లేదని అనుమానించాలి. ముందు సోల్డరింగ్ చూడండి. తర్వాత ఆ మోటారును వేరే ఈఎస్‌సీకి కలిపి పరీక్షించండి. అక్కడ బాగా తిరిగితే లోపం మొదటి ఈఎస్‌సీలోనే. మోటార్ వెనక్కి తిరుగుతుంటే మూడింటిలో ఏ రెండు వైర్లను తారుమారు చేసినా దిశ మారుతుంది.

మోటార్లన్నీ బాగానే తిరుగుతున్నా, నేల వదలగానే డ్రోన్ తిరగబడుతోందా? ప్రొపెల్లర్లు ఒక మూలవి మరో మూలకు పెట్టి ఉంటారు, లేదా ఒక మోటార్ దిశ తప్పి ఉంటుంది. ఒక పక్కకే జారుతుంటే చదునైన చోట పెట్టి సెన్సర్‌ను క్యాలిబ్రేట్ చేయండి. ఒంగిన ప్రొపెల్లర్‌నూ వదలొద్దు. దాని వణుకు సెన్సర్‌ను తికమక పెడుతుంది.

ఉద్యోగానికేం లాభం?

పొలాల్లో మందు కొట్టే డ్రోన్లలోనూ ఉండేది బ్రష్‌లెస్ మోటార్లు, ఈఎస్‌సీలు, లిథియం బ్యాటరీలే. వోల్టేజీ, ప్రమాదం మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే శిక్షణ లేకుండా వాటి జోలికి వెళ్లొద్దు. 15 వేల మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్రం 2023లో ఆమోదించింది. సీజన్‌లో డ్రోన్ మూలన పడితే ఆ సంఘానికి ఆ రోజు ఆదాయం పోయినట్లే. రిపేరు తెలిసినవాళ్ల విలువ అక్కడే తెలుస్తుంది. ఐటీఐల్లో డ్రోన్ టెక్నీషియన్ కోర్సు కూడా ఉంది. ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ డిప్లొమా, బీటెక్ వాళ్లకైతే పునాది ఇప్పటికే ఉంది.

రిపేరు చేసిన ప్రతిసారీ ఓ నోట్‌బుక్‌లో నాలుగు విషయాలు రాయండి: లక్షణం ఏమిటి, ఏది అనుమానించారు, ఎలా పరీక్షించారు, చివరికి ఏం తేలింది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. మోటారూ బ్యాటరీ కలిపి మార్చేస్తే డ్రోన్ ఎగరొచ్చు గానీ, ఏది పాడైందో మీకు తెలియదు.

బాగయ్యాక ఎగరేయడానికీ పద్ధతుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు బరువున్నవి నానో తరగతి. వీటికి రిమోట్ పైలట్ లైసెన్సు అవసరం లేదు. అలాగని ఎక్కడపడితే అక్కడ ఎగరేయకూడదు. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ ప్రాంతం గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి.

రేపు ఇంటర్వ్యూలో ‘డ్రోన్ ఎగరట్లేదు, ఏం చేస్తావ్?’ అని అడిగితే, ‘మోటార్ మారుస్తా’ అనే జవాబు ఎవరైనా చెబుతారు. ‘ముందు రెక్కలు తీసి, లోడ్ మీద బ్యాటరీ చూస్తాను’ అని మొదలుపెట్టి చూడండి. పక్కనే మీ నోట్‌బుక్ కూడా ఉంచండి.