మూడొందల మీటర్ల లోతు నీళ్లు తాగొచ్చా?

జపాన్‌లో షికోకు దీవి కొసన మురోతో అని ఓ చిన్న ఊరు. అక్కడ ఒడ్డు దాటగానే సముద్రం నిటారుగా దిగిపోతుంది. ఆ ఊరుండే కోచి ప్రిఫెక్చర్ ప్రభుత్వం 1989లో అక్కడ గొట్టం దించి, 320 మీటర్ల లోతు నుంచి నీళ్లు తోడటం మొదలుపెట్టింది. ఆ నీళ్లు క్రమంగా ఉప్పు వదిలించుకుని సీసాల్లోకి, సోయా సాస్‌లోకి, మొహానికి రాసుకునే క్రీముల్లోకి చేరాయి. హవాయిలో కెయాహోలే పాయింట్ దగ్గర 900 మీటర్ల దాకా వెళ్లారు. దక్షిణ కొరియా 2007లో ఏకంగా చట్టమే చేసి, 200 మీటర్లకు కింద ఉన్నదే లోతు నీరని గీత గీసింది.

ఆ గీతకు అర్థముంది. దాని కింద నాచు బతికేంత ఎండ ఉండదు. సూక్ష్మజీవులు పైనీటిలో కంటే తక్కువ. ఏటి మురుగు నేరుగా అక్కడికి దిగదు. ఇంతవరకూ నిజమే. అమ్మేవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి ‘మనిషి చెయ్యి తగలని స్వచ్ఛత’ అంటారు. నా పేచీ ఆ మాటతోనే.

క్లెయిర్ ప్యాటర్సన్ పేరు విన్నారా? భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చినాయన. తర్వాత సముద్రంలో సీసం లెక్కించడానికి పూనుకున్నాడు. లోతు నీటి కంటే పైనీటిలో సీసం చాలా ఎక్కువగా ఉందని 1963లో ఆయనా, తత్సుమోతో అనే సహచరుడూ ప్రకటించారు. పెట్రోల్లో కలిపే సీసం మీద ఆయన పోరాటానికి అదొక ఆధారం. అసలు చిక్కు ఆ లెక్క తియ్యడంలో ఉంది. ఓడ రంగులో సీసం, సీసా మూతలో సీసం, గదిలోని దుమ్ములో సీసం, పరీక్షించేవాడి జుట్టులో సీసం. లోతు నీటికి తాను మొదట చెప్పిన అంకె కూడా చాలా ఎక్కువేనని, మరింత శుభ్రంగా నీళ్లు పట్టాక 1981 నాటికి ఆయనే ఒప్పుకున్నాడు. అంత నిష్ఠగా కొలిచినాయనకే అలా జరిగితే, సీసా మీది నివేదికలో అంకె చూసి మురిసిపోయే ముందు ఆ నీళ్లు ఎవరు, ఎలా పట్టారని అడగాలి కదా!

పరికరాలూ మోసపోతాయి. లోహాలను లెక్కించే ఐసీపీ-ఎంఎస్ యంత్రం పరమాణువులను బరువును బట్టి గుర్తుపడుతుంది. ఆర్సెనిక్ బరువు 75. యంత్రం నడిచేది ఆర్గాన్ వాయువుతో, దాని బరువు 40. సముద్రపు ఉప్పులోని క్లోరిన్‌ది 35. రెండూ అతుక్కుంటే మళ్లీ 75! నీళ్లలో లేని ఆర్సెనిక్ కాగితం మీద పుట్టుకొస్తుంది. బావినీళ్లు పరీక్షించినట్టే సముద్రపు నీళ్లు పరీక్షిస్తే ఇంతే సంగతులు.

ఇక ఇంటింటికీ వచ్చి పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి చూపించే కుర్రాడి సంగతి. ఆ మీటరు చూసేది విద్యుదావేశం ఉన్న లవణాలనే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు నాలుగున్నర మిల్లీగ్రాముల బోరాన్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు 2.4. బోరాన్ ఎక్కువగా బోరిక్ ఆమ్లం రూపంలో, ఆవేశం లేకుండా ఉంటుంది. కాబట్టి మీటరుకు కనిపించదు. ఆర్వో పొరలోంచి కూడా కొంత జారిపోతుంది. అందుకే కొన్ని ప్లాంట్లలో నీటి క్షారగుణం పెంచి రెండోసారి పొర దాటిస్తారు.

ఒక్కోసారి శుద్ధి చెయ్యబోయి కొత్త విషం తయారుచేసుకుంటాం. బ్రోమైడ్ ఉన్న నీటికి ఓజోన్ పట్టిస్తే బ్రోమేట్ పుడుతుంది. హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములే. 2004లో బ్రిటన్‌లో దసాని నీళ్లు సుమారు 5 లక్షల సీసాలు వెనక్కి తెప్పించింది దీనివల్లే. అవి సముద్రపు నీళ్లు కూడా కాదు, కుళాయి నీళ్లు. సముద్రంలో బ్రోమైడ్ లీటరుకు 65 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఉప్పు తీసేశాక ‘ఖనిజాల కోసం’ అంటూ కాస్త సముద్రసారం తిరిగి కలిపే కంపెనీలు ఓజోన్ వాడితే బ్రోమేట్ పరీక్ష తప్పించుకోకూడదు.

లోతుకూ మన చెత్త చేరింది. కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో వెతికితే మైక్రోప్లాస్టిక్ ఎక్కువగా దొరికింది 200 నుంచి 600 మీటర్ల మధ్య. 2019లో వచ్చిన ఫలితమిది. సీసాల కోసం తోడే లోతూ ఇంచుమించు అదే. పైగా లోతు నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ పుష్కలం. వెలుతురులోకొచ్చి వెచ్చబడితే సూక్ష్మజీవులకు విందే. గొట్టం కొసన పట్టిన నీళ్లతో సరిపెట్టకుండా, సీసాలో పట్టాక కూడా పరీక్షించాలి.

లోతు సంగతి నల్లగొండను అడిగితే తెలుస్తుంది. బోరు లోతుకు వెళ్లినకొద్దీ నీళ్లు తేటగానే వచ్చాయి. ఆ తేటలోనే ఫ్లోరైడ్ ఎముకలు వంచింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. విచిత్రమేమిటంటే సముద్రంలో ఉన్నది 1.3 మాత్రమే.

మనదేశంలో లోతు నీటి కథ వేరు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల ప్లాంటు పెట్టింది. పగడపు దీవి కాబట్టి ఒడ్డు దాటగానే లోతు దొరికింది. విశాఖ దగ్గర ఆ లోతు కావాలంటే పదుల కిలోమీటర్లు పోవాలి. కవరత్తిలో 28 డిగ్రీల పైనీటిని గాలి తీసేసిన గదిలోకి పంపుతారు. పీడనం లేక అందులో కొంత ఆ వేడికే ఆవిరైపోతుంది. ఉప్పు, బోరాన్ దాదాపు అంతా వెనకే ఉండిపోతాయి. మూడొందల యాభై మీటర్ల కింది నుంచి తోడిన చన్నీళ్లు గొట్టాల్లో తిరిగి ఆ ఆవిరిని చల్లార్చి నీరు చేస్తాయి. దీవి జనం బిందెల్లో పట్టుకునేది ఈ నీళ్లే. అంటే పైనీళ్లే. లోతు నీళ్లు ఎవరి గొంతూ తడపకుండా, కాస్త వెచ్చబడి మళ్లీ సముద్రంలోకి పోతాయి.