బిగిసిన బోల్టు - విరిగిన బోల్టు

మోటారు వాహనమును మరమ్మతు చేయువానికి కష్టమైన పరీక్ష తరచుగా ఒక చిన్న బోల్టు రూపమున ఎదురగుచుండును. ఏండ్ల తరబడి వానకు తడిసి, వేడికి కాగి, బురద పట్టిన బోల్టు పానాకు లొంగదు. బలముకొలది త్రిప్పినచో తల తెగి చేతికి వచ్చును. మొండెము లోననే నిలిచిపోవును. కొద్ది రూపాయల బోల్టు కొరకు వేల రూపాయల ఇంజను భాగము పాడగుట అరుదు కాదు. అది చక్రపు బోల్టో, బ్రేకు బోల్టో అయినచో ప్రాణములే దానిపై ఆధారపడియుండును. అట్టి బోల్టు ఏల బిగిసిపోవునో, దానిని ఎట్లు వెలికి తీయవలెనో ఇచ్చట వివరింపదలచితిమి.

మొదట కారణము చూతము. ఇనుము నీటితోను, గాలిలోని ప్రాణవాయువుతోను కలిసినప్పుడు త్రుప్పు పుట్టును. త్రుప్పు తాను తినివేసిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. బోల్టు మరలకును నట్టు మరలకును నడుమనున్న సన్నని సందు దానితో నిండి, రెండును ఒకదానినొకటి కరచుకొనును. అల్యూమినియములో బిగించిన ఉక్కు బోల్టుతో చిక్కు మరింత హెచ్చు. ఈ రెండు లోహముల నడుమ ఉప్పు తేమ చేరినచో, బ్యాటరీలో వలెనే స్వల్పమైన విద్యుత్ప్రవాహము కలిగి అల్యూమినియము క్షయించును. ఆ తెల్లని పొడి మరలలో గట్టిపడును. సముద్రపు గాలి తగులు ఊళ్ళలో తిరుగు వాహనములకు ఈ బాధ అధికము.

ఇట్టిచోట మొదట కావలసినది ఓర్పు. తీగె బ్రష్షుతో మరలను శుభ్రపరచి, పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి, కొన్ని గంటలు, వీలైనచో ఒక రాత్రి, నాననీయవలెను. నడుమ నడుమ బోల్టు తలపై సుత్తితో మెల్లగా కొట్టినచో త్రుప్పు పగిలి నూనె లోనికి దిగును. తరువాత ఆరు పలకల సాకెట్టుగాని రింగు పానాగాని వాడవలెను. నోరు తెరచిన పానా జారి బోల్టు మూలలను అరగదీయును. ఒక్కమారుగా విప్పబూనక, మొదట రవంత బిగువువైపు త్రిప్పి, పిదప విప్పువైపు త్రిప్పవలెను. ఎటు విప్పవలెనో తెలిసికొనుట ముఖ్యము. సైకిలు ఎడమ పెడలుకు ఉన్నట్లే, కొన్ని పాత లారీల ఎడమ చక్రముల నట్లకు మరలు తలక్రిందుగా నుండును. విప్పుచున్నామనుకొని బిగించి విరుగగొట్టినవారు పలువురు.

నూనెకు లొంగనిదానికి వేడి మార్గము. 10 మిల్లీమీటర్ల రంధ్రముగల ఉక్కు నట్టును 300 డిగ్రీల సెంటీగ్రేడు మేర వేడిచేసినచో రంధ్రము సుమారు 0.036 మిల్లీమీటరు పెరుగును. అది తలవెండ్రుక మందమంతయు కాకపోయినను, త్రుప్పు పట్టును సడలించుటకు తరచుగా చాలును. అల్యూమినియము ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచించును గనుక అచ్చట వేడి మరింత ఉపకరించును. అయితే పెట్రోలు గొట్టములకు, ట్యాంకుకు, బ్రేకు రబ్బరు గొట్టములకు చేరువలో మంట చూపరాదు. గాలి నిండిన టైరు ఉన్న చక్రపు బోల్టులకు మంట చూపుట మరింత ప్రమాదము. టైరు ప్రేలి మనిషిని చంపగలదు. వేడిచేసిన బోల్టు బలము తగ్గును గనుక దానిని తిరిగి వాడరాదు.

బోల్టు విరిగి కొంత పైకి నిలిచియున్నచో, దానిపై ఒక నట్టును వెల్డింగు చేసి త్రిప్పవచ్చును. వెల్డింగు వేడియు తోడ్పడును. లోనికే విరిగినచో ముక్కను ఆకురాయితో చదును చేసి, సరిగా మధ్యను సెంటర్ పంచ్‌తో గురుతిడి, మొదట సన్నని డ్రిల్లుతో తొలిచి, పిమ్మట ఎడమమరల ఎక్స్‌ట్రాక్టరును దిగవేయవలెను. ఇది గట్టి ఉక్కు గనుక బలవంతము చేసినచో లోన విరుగును. అప్పుడు మామూలు డ్రిల్లు దానిని తొలువజాలదు. అది కదలనిచో అచ్చటితో ఆపుట మేలు. 8 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టునకు 6.8 మిల్లీమీటర్ల డ్రిల్లుతో నిదానముగా తొలిచి, మిగిలిన మరల తునకలను ఊడదీసి, ట్యాపుతో శుభ్రపరుపవచ్చును. తొలుచునపుడు కండ్లకు అద్దములు తప్పక ధరింపవలెను.

క్రొత్త బోల్టు పరిమాణములోను, మరలలోను, బలములోను పాతదానికి సరిపోవలెను. 1841 లో విట్‌వర్త్ ప్రతిపాదించిన మరల కోణము 55 డిగ్రీలు. మెట్రిక్ మరలది 60 డిగ్రీలు. చూపునకు ఒకటిగా తోచినను ఒకదాని నట్టులో మరొకటి బలవంతముగా దూర్చిన మరలు చెడును. బోల్టు తలపై 8.8 అని యున్నచో, మొదటి అంకె చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటన్ల తన్యతా బలమును, రెండవది అందులో 80 శాతము వరకు శాశ్వతముగా సాగదని తెలుపును.

ఇక వాహనము కల ప్రతి ఇంటివారికిని ఒక మాట. చక్రము మార్చునపుడు, వాహనము నేలపై నిలిచియుండగనే నట్లను సడలించి, పిదప జాకీ ఎత్తవలెను. జాకీపైనున్న వాహనమునకు బిగిసిన నట్టును బలముగా త్రిప్పినచో అది జారి క్రిందపడవచ్చును. నట్లు కదలుచున్నవో లేదో ఇంటియొద్ద తీరికగా నున్నపుడు చూచుకొని, తయారీదారు చెప్పిన మేరకు మరల బిగించినచో, నడిరాత్రి రహదారిపై ఈ తిప్పలు ఉండవు.