ఇరానీ హోటలు: ఒక కప్పు తీరిక

అనంతపురం నుండి హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా మేము ఇరానీ హోటలులో కొంతసేపు కూర్చోనిదే తిరిగిరాము. ఇరాన్ నుండి వలస వచ్చినవారు నెలకొల్పిన వీటిలో, 1935 నాటి ఆబిడ్స్ గ్రాండ్ హోటలు ప్రసిద్ధమైనది. ఇక్కడ డికాక్షను మూతపెట్టిన పాత్రలో సన్నని సెగపై మరుగుతుంది. పాలు వేరుగా కాగి చిక్కబడతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. తోడుగా ఉస్మానియా బిస్కట్టు. జపానులోని పాతకాలపు 'కిస్సాతెన్' కాఫీశాలల వలెనే, ఒక్క కప్పు కొన్నవానిని లేవమనకపోవడం ఈ హోటళ్ళ సంప్రదాయం. గదికి అద్దె చెల్లించలేని విద్యార్థికీ, పనికై వచ్చిన కరవుసీమ మనిషికీ అది ఎంతటి ఆదరణ! స్థలాల ధరలు పెరిగి ఇటువంటివి అనేకం మూతపడ్డాయి. విద్యార్థి మిత్రులారా! చాయ్ ఎక్కడైనా దొరుకుతుంది. ఊరూ మతమూ అడగక చోటిచ్చే బల్ల దొరకడం అరుదు.